కిర్రుమనని గిలక

పోయిన వారం మా ఇంటి గేటుకు వెల్డింగు చేయించాను. పని ముగించి సామాన్లు సర్దుకుంటూ ఆ వచ్చినతను గేటును ముందుకూ వెనక్కూ ఆడించి చూశాడు. అది ఎప్పటిలాగే కిర్రుమంది. "గ్రీజు పెడతానమ్మా, దానికి దుడ్లేమీ వద్దులే" అన్నాడు. "వద్దప్పా, అది అట్లే అరవనీ" అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. అనంతపురం ఎండలకు ఈ ముసలామెకు బుర్ర చెడిందనుకుని ఉంటాడు. అతనికి సంగతి చెప్పాలంటే మా మామ గురించి చెప్పాలి. మా మామ గురించి మొదలుపెడితే అతను ఎక్కాల్సిన బస్సు కాస్తా వెళ్లిపోతుంది. అందుకని అతన్ని పంపించేసి మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో నేను గోరంట్ల నుంచి ధర్మవరానికి కోడలిగా వచ్చాను. పట్టుచీరలు నేసే ఇల్లు. మా ఆయనా, మా బావా చెరో మగ్గం మీద కూర్చునేవారు. మామ అప్పటికే మగ్గం దిగేశారు. దిగేశారని పేరే గానీ పూర్తిగా దిగలేదు. పెరటి గదిలో ఆయన పాత గుంతమగ్గాన్ని విప్పేసినా, కాళ్లు పెట్టుకునే గుంతను మాత్రం ఎవరినీ పూడ్చనివ్వలేదు. ఆ గుంతలోకి కాళ్లు వదిలి గట్టు మీద కూర్చుంటే తప్ప ఆయనకు చేతులు ఆడవు. ఎదురుగా నేలకు బిగించిన వైసు, ఇనుప ముక్కను మొసలిలా కరిచి పట్టుకునేది. కుడిపక్క ఇనుమును అరగదీసే ఆకురాళ్లు, ఎడమపక్క చేత్తో తిప్పే బుల్లి కొలిమి. వేలిసందుల్లోంచి జారిన మేకులూ మరలూ అన్నీ గుంతలోకే పోయేవి. ఒకసారి గుంత ఊడిస్తే మా అత్త ముక్కుపుడక దొరికింది. మర వదులైందని బాగుచేయడానికి ఇచ్చిన సంగతి ఆమే మరిచిపోయింది, ఆయనా మరిచిపోయారు.

ఇంటికి ఏ చుట్టం వచ్చినా అత్త ఆ వైసు కథ చెప్పకుండా మంచినీళ్లు ఇచ్చేది కాదు. "పెండ్లయిన కొత్తలో చీరలు అమ్మనీకి బెంగుళూరు పోయినాడు. నాకు గాజులు తెస్తాడని నేను వాకిట్లో కాచుకోనుంటి. ఈ ఇనుప ముద్దను నెత్తిన పెట్టుకోని దిగినాడు." మామ అది వింటూ ముసిముసిగా నవ్వేవారు. ఆ గదిలో ఆయన చేసే పనికి ఎవరూ కూలి ఇవ్వరు, ఇచ్చినా తీసుకోరు. ఎవరింట్లో ఏది విరిగినా ఆయన మొహం వెలిగిపోయేది. తాళాలు, కిరసనాయిలు స్టవ్వులు, సైకిలు బెల్లులు, ఏదైనా సరే. ఆయన బాగుచేసిన గొడుగు ఒకసారి తెరిస్తే మళ్లీ మూసుకునేది కాదు. తెరవాల్సినంత వాన మా ఊళ్లో ఎప్పుడు పడింది గనక?

మా వెనక పెరట్లో నాలుగిళ్లకూ కలిపి ఒకటే చేదబావి. చాలా లోతు. ఎండాకాలం వచ్చిందంటే అడుగున ఊరినన్ని నీళ్లే నీళ్లు. దాని మీద ఒక పాత ఇనుప గిలక ఉండేది. ఎవరు చేద వేసినా అది వీధి చివరిదాకా వినబడేలా అరిచేది. ఆ అరుపు వినబడగానే నాలుగిళ్ల ఆడవాళ్లూ బిందెలు తీసుకుని వచ్చేవారు. ఉన్న నీళ్లు చూసి, ఇంటికిన్ని బిందెలని తోడుకుని, నాలుగు మాటలు చెప్పుకుని వెళ్లేవారు. ఎవరూ ఎవరినీ పిలిచే పని లేదు. నాకు మాత్రం ఆ గిలక యముడే. గోరంట్లలో మా బావి మీది నుంచి వంగితే నీళ్లు కనబడేవి. ఇక్కడ ఆ మొండి గిలక మీద తాడు లాగలేక అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక మధ్యాహ్నం సంగటి ముద్ద వడ్డిస్తుంటే మామ కళ్లు నా చేతుల మీద పడ్డాయి. తిని లేచి, చెయ్యి కడుక్కుని, ఒక దారం ముక్క తీసుకుని బావి దగ్గరికి వెళ్లి గిలక కొలతలు తీసుకున్నారు.

పాత శనక్కాయల మిల్లువాళ్లు పారేసిన ఇనుప చక్రం ఒకటి, లారీల షెడ్డులో దొరికిన బేరింగు ఒకటి తెచ్చారు. తాడు కూర్చునేందుకు చక్రం చుట్టూ గాడి తీయడానికే ఎన్నో రోజులు పట్టింది. ఆ ఆకురాయి చప్పుడుకు మా బావ మగ్గం మీద పళ్లు నూరుకునేవాడు. బేరింగు పట్టడానికి చక్రం నడుమ ఒక బెజ్జం చేశారు. దాన్ని కావాలనే ఒక వెంట్రుక వాసి తక్కువగా ఉంచి, చక్రాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, వేడికి సాగిన బెజ్జంలోకి చల్లటి బేరింగును జారవిడిచారు. చక్రం చల్లారేసరికి అది ఇక ఊడి రానంతగా బిగుసుకుంది. "చూసినావామ్మా, గాజు తొడిగినట్ల పాయ!" అని నన్ను పిలిచి చూపించారు. పాత గిలక ఇరుసును కూడా వృథా పోనివ్వలేదు. పక్కింటి పెద్దమ్మ కూతురు కాన్పుకు వచ్చి ఉంది. ఆ ఇరుసును కాల్చి వంచి, పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల కొక్కేలు చేసి ఇచ్చారు.

కొత్త గిలక పెట్టిన రోజు మా పెరట్లో పండుగే. ఒక్క చేత్తో లాగితే నీళ్లు వాటంతటవే పైకి వచ్చేవి. చప్పుడు లేదు. పెద్దమ్మ తోడి తోడి చూసి, "ఏమప్పా, వెన్న మాదిరి తిరగతాందే!" అని మెచ్చుకుంది. పెద్దమ్మంటే మా అత్తకు వరసకు కాకపోయినా ప్రాణానికి అక్క. రెండిళ్ల మధ్య పిట్టగోడ మీదుగా ఊరుబిండి పచ్చడి గిన్నె అటు పోకుండా, మజ్జిగ చెంబు ఇటు రాకుండా రోజు గడిచేది కాదు.

ఆ ముచ్చట ఎండలు ముదిరేదాకే. ఒక మిట్టమధ్యాహ్నం పెద్దమ్మ చేద వేస్తే బావిలో బురద తగిలింది. అప్పుడు చూడాలి ఆమె గొంతు. "ఏమప్పా, గిలక నువ్వు చేసినావని బావి గూడా నీదే అయిపాయనా? పిల్లి మాదిరి సప్పుడు గాకుండా తోడుకుంటాండారే! నిండు చూలాలు ఇంట్లో ఉండాది. దానికి నీళ్లు యాడ తెచ్చేది నేను?"

"వదినా, పొద్దన్నించి మా ఇంట్లో ఎవురూ చేద ముట్టలేదు" అన్నారు మామ.

"అయితే నీళ్లకు రెక్కలొచ్చినాయా?" అని బిందె చంకన పెట్టుకుని ఆమె వెళ్లిపోయింది. మర్నాడు గోడ మీదికి మజ్జిగ చెంబు రాలేదు. అత్త కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసి లేచింది. "ఎందుకొచ్చిన గిలక! అక్క నాతో మాట్లాడకుండా నేను ఈడ ఎట్ల బతికేది?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. అది నా బొబ్బల కోసం చేసిన గిలక. నాకూ ఏడుపొచ్చింది. పాతదే పెట్టేయమని మామను అడిగాను. "దాని ఇరుసు వాళ్లింట్లోనే ఉయ్యాల కొక్కేలై కూచోనుండాది గదమ్మా, యాడ తెచ్చేది?" అన్నారు.

మర్నాడు పొద్దున ఆయన పని మానుకుని పెరటి గదిలోంచి బావినే చూస్తూ కూర్చున్నారు. నాలుగిళ్ల వాళ్లూ వచ్చారు, మా ఇంటివాళ్లతో సహా. ఒకరు వచ్చింది ఇంకొకరికి తెలియదు. నీళ్లు కనబడ్డాయి కదా అని ఒక బిందె ఎక్కువే తోడుకుని పోతున్నారు. దొంగలు ఎవరూ లేరు. మధ్యాహ్నం లోపలికి వచ్చి, "నోరుండే గిలకను తీసి మూగదాన్ని పెట్టినాను. దీనికి నోరు తెప్పించల్ల" అన్నారు.

గ్రీజు తుడిచేసి చూశారు, అది గుర్రుమందే గానీ కిర్రుమనలేదు. "ఇంత ఇసుక పోస్తే సరి" అంది అత్త. "బేరింగులో ఇసుకా! దానికన్నా నా నోట్లో పొయ్యి" అని ఆయన అదిరిపడ్డారు. తర్వాత మామ వంటింట్లోని విరిగిన పళ్లెంలోంచి ఒక ఇత్తడి నాలుక కోసి, చక్రం తిరిగినప్పుడల్లా టకటకమని కొట్టుకునేలా బిగించారు. బ్రహ్మాండంగా మోగింది. ఒక్క మనిషి కూడా రాలేదు. ఎలా వస్తారు, వీధి వీధంతా మగ్గాలు పొద్దస్తమానం టకటకమంటుంటే ఇదొక మగ్గం అనుకున్నారు. పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్య బతికిన మనిషికి ఆ సంగతి తట్టకపోవడం చూసి మా ఆయనా, బావా మగ్గాలు ఆపి మరీ నవ్వారు.

చివరికి ఎండిన వేప చెక్కతో ఒక మేకు చెక్కి, దాన్ని మరతో చక్రానికి ఆనించి బిగించారు. చెక్క ఇనుముకు ఒరుసుకుంటే కిర్రుమంటుంది. అత్త తోడుతుంటే ఆయన కళ్లు మూసుకుని వింటూ మర తిప్పేవారు. ఒకసారి మేకపిల్లలా అరిచింది. ఒకసారి ఈలలా కీచుమంది. "ఇదేనంటావా?" అని ఆయన, "కాదు, పాతది ఇంత సన్నంగా ఏడ్సదు" అని అత్త. ఎంతసేపు గడిచిందో గానీ నా నవ్వు ఆగడం లేదు. అప్పుడు పిట్టగోడ అవతల నుంచి, మనిషి కనబడకుండా, పెద్దమ్మ గొంతు వినబడింది.

"అది గాదప్పా! పాతది ఇంకా బొంగురుగా అరుస్తాండె. రవ్వంత వదులు చెయ్యి!"

అత్త తాడు పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. మామ మరను రవ్వంత వదులు చేశారు. అత్త లాగింది. కిర్ర్ర్‌మని ఆ పాత అరుపే, అదే బొంగురుతో, వీధి చివరిదాకా వెళ్లింది. ఇది పరీక్షేనని అందరికీ తెలిసినా, కాళ్లు అలవాటు మానుకోలేదు. నాలుగిళ్ల తలుపులూ తెరుచుకుని బిందెలు బయటికొచ్చాయి. అందరికన్నా ముందు పెద్దమ్మ. "నువ్వు ముందు పట్టుకోక్కా" అంది అత్త. "చూలాలికి సరిపోతే చాల్లే, నువ్వూ పట్టు" అంది పెద్దమ్మ. ఇద్దరూ అదే తాడును కలిసి లాగారు. నేనూ లాగి చూశాను. అరుపు పాతదే, బరువు మాత్రం లేదు.

కొన్నాళ్లకే ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల కట్టిన రోజు ఆ కొక్కేలు కూడా కిర్రుమన్నాయి. మామ గ్రీజు డబ్బా తీసుకుని లేచారు. పెద్దమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీకు పున్నెముంటాది, దాన్ని మటుకు ముట్టద్దు!"

ఎనభైల్లో వీధిలోకి బోరు వచ్చింది, ఆ తర్వాత కొళాయిలు వచ్చాయి. బావి మీద బండ పరిచారు. మామ లేరు, అత్తా పెద్దమ్మా లేరు. మేము అనంతపురానికి మారేటప్పుడు గిలకను నేను అడిగి తెచ్చుకున్నాను. చెక్క మేకు ఎప్పుడో పుచ్చిపోయింది కానీ బేరింగు ఇంకా చెక్కుచెదరలేదు. అప్పుడప్పుడు వేలితో ఒక తిప్పు తిప్పితే ఏ చప్పుడూ లేకుండా తిరుగుతూనే ఉంటుంది. కాలం కూడా ఇలాంటి బేరింగు మీదే తిరిగినట్టుంది. ఒక్కసారి కిర్రుమని ఉంటే మేమంతా బిందెలు పట్టుకుని వచ్చి ఉండేవాళ్లం.