పాత బజారులో రాజు వేషం

డిసెంబరు మొదట్లో సరిత ఫోన్ చేసింది. హైదరాబాదులో నాతో చదువుకుంది. ఇప్పుడు సిద్దిపేటలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతోంది. కొత్త దుకాణాలన్నీ పెద్ద రోడ్డు మీదికి వెళ్లిపోవడంతో అక్కడి పాత బజారు వెలవెలబోయిందట. నెలకో ఆదివారం సాయంత్రం ఆ వీధిలో తనూ మిత్రులూ ఆటలూ పాటలూ పెడుతున్నారని ఇదివరకే చెప్పింది. ఈసారి గొంతులో దిగులు వినిపించింది.

"జనం అంతంత మాత్రమే వస్తున్రు. ఈసారి గూడ రాకుంటే దుకాణాలోళ్లు ఒప్పుకోరు, ఇగ బంద్ చేసుడే. నువ్వన్న రావే."

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు జూబ్లీ బస్ స్టేషన్లో కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపించగానే కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టాడు. కిటికీ సీటు కావాలంటే మాత్రం కాస్త ముందే చేరుకోవాలి. శామీర్‌పేట దాటేదాకా నగరం వెంటే వస్తుంది. పొలాలు ఆ తర్వాతే.

ప్రజ్ఞాపూర్‌లో అరవై దాటిన ఒకావిడ రేకు పెట్టెతో ఎక్కింది. పెట్టె పైకెత్తబోతే వద్దని కాళ్ల దగ్గరే పెట్టుకుంది. "కిరీటమున్నది బిడ్డా. కట్టెది. దెబ్బ తాకితే అద్దాలు రాల్తయ్" అంది.

పేరు సత్తవ్వ. చిందు భాగోతం ఆడే కుటుంబం. తండ్రి పోయాక రాజు వేషం ఆమే కడుతోంది. సొంత ఊరు మల్లన్నసాగర్ జలాశయం నీళ్ల కింద ఉంది. ముంపు ఊళ్ల వాళ్లకు గజ్వేల్ పక్కన కట్టిన కాలనీలో ఉంటోంది. సరిత పిలిచింది ఈమెనేనని మాటల్లో తెలిసింది.

"ఇండ్లు మంచిగనే ఉన్నయ్. గని ఊరోళ్లు ఒకలొక్క దిక్కు పోయిన్రు. ఆట కట్టి ఎవలకు సూపెట్టాలె? ఊరిడిసినంక ముఖానికి రంగేసుకుంటున్నది గిదే మొదలు" అంది. ఆ తర్వాత బస్సు సిద్దిపేట చేరేదాకా పెట్టె మీద చెయ్యి తీయలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా దిగాం. సత్తవ్వను ఆమె బంధువులు తీసుకెళ్లారు. నేను బస్టాండ్ దగ్గర లాడ్జిలో సంచి పెట్టి సరిత ఇంటికి వెళ్లాను. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. తింటూనే ఆమె నాలుగు ఫోన్లు మాట్లాడింది.

మూడు గంటలకు పాత బజారుకు నడిచాం. వీధి రెండు వైపులా సగం షట్టర్లు మూసే ఉన్నాయి. వాటిమీద పిల్లలు ఈ ఊరి నేత చీరల్లో కనిపించే గొల్లభామ బొమ్మలు వేశారు. నెత్తిన కుండ పెట్టుకుని వరసగా నడుస్తున్నట్టున్న ఆ బొమ్మలు బాగున్నాయి. వాటి ముందు మనుషులే లేరు.

వేదిక కట్టినది ఖాజా భాయ్ గాజుల దుకాణానికి ఎదురుగా. ఈ కార్యక్రమం వద్దని మొదటినుంచీ గట్టిగా అంటున్నది ఆయనే. నన్ను చూసి, "నాకు ఆటపాటలంటే కోపమా అమ్మా? రోడ్డు బంద్ పెడితే బండి ఆపే జాగ ఉండదు. గిరాకీ ఎట్లొస్తది?" అన్నాడు.

నాలుగున్నరకు చిక్కొచ్చిపడింది. వేషం కట్టుకునేందుకు పరదాలు తెస్తానన్న టెంటు మనిషి రాలేదు. బంధువులతో వచ్చిన సత్తవ్వను మూసిన దుకాణం మెట్ల మీదే వేషం కట్టుకోమన్నారు సరిత మిత్రులు. ఆమె అటూ ఇటూ చూసి పెట్టె చంకకెత్తుకుంది.

"నడి బజార్ల చీర మార్చుకోమంటరా? నేను పోత."

సరిత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురుగా ఖాజా భాయ్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. దుకాణంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లను బయటికి పంపి, లోపల లైటు వేశాడు.

"లోపలికి రా అవ్వా. అద్దమున్నది. షట్టర్ దించుత, ఎవ్వరు రారు."

సత్తవ్వ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత పెట్టెతో లోపలికి వెళ్లింది. ఖాజా భాయ్ షట్టర్ దించి, బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. గాజులకొచ్చిన వాళ్లను "కొంచెం ఆగున్రి, లోపల రాజుగారున్నరు" అని ఆపాడు. ఆగిన వాళ్లు అక్కడే నిలబడ్డారు. ఏం జరుగుతోందో చూద్దామని మరికొందరు చేరారు.

ఐదున్నరకు మద్దెల మోగేసరికి కుర్చీలు ఇంకా సగం ఖాళీ. అంతలో వీధి చివర ఆటోలు ఆగాయి. అంతా సత్తవ్వ ఊరివాళ్లే; కాలనీ నుంచి కొందరు, దుబ్బాక వైపు స్థిరపడ్డవాళ్లు కొందరు. సత్తవ్వ ఆట కడుతోందని ఒకరి ద్వారా ఒకరు విని వచ్చారు. ఆట సంగతి మరిచిపోయి ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. "నువ్వు ఏడుంటున్నవే?" "నీ బిడ్డ లగ్గమైందట గద!" అంటూ మధ్యదారిలోనే నిలబడిపోయారు.

షట్టర్ లేచింది. కిరీటం, భుజకీర్తులు, కోరమీసం. నాలుగడుగులు వేసిన రాజు ఆ మనుషులను చూసి ఆగిపోయింది. "సత్తక్కా!" అని ఎవరో పిలిచారు. పాట రాలేదు. మద్దెల వాయించే ఆమె మేనల్లుడు అదే దరువు మళ్లీ మళ్లీ వాయించాడు.

రాజు మీసం దువ్వింది. గొంతు సవరించుకుని, వేషంలోని గంభీరమైన గొంతుతోనే అంది:

"మా రాజ్యం ప్రజలు ఎటు పోయిన్రో అని దేశాలన్నీ దేవులాడుతున్నం. గీడున్నరా మీరంత!"

వీధంతా నవ్వింది. నవ్వుతూనే చాలామంది కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత పాట ఆగలేదు. ఎనిమిదింటికి ఆట ముగిసినా జనం కదల్లేదు; మిర్చి బజ్జీల బండి దగ్గర పాత ఇరుగుపొరుగు మాటల్లో పడ్డారు. ఖాజా భాయ్ దుకాణంలో ఆడవాళ్లు గాజులు వేయించుకుంటున్నారు.

మర్నాడు పొద్దున సికింద్రాబాద్ రైలెక్కాను. బస్సు కంటే నెమ్మదే, కానీ కూర్చుని పొలాలు చూస్తూ పోవచ్చు. గజ్వేల్ దగ్గర సరిత ఫోన్ వచ్చింది. రాత్రి ఆట అయ్యాక దుకాణాలవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారట. బట్టల షాపాయన ఇంకా గొణుగుతున్నాడు. ఖాజా భాయ్ మాత్రం, "బండ్లకు వెనక గల్లీల జాగ సూపెట్టున్రి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడట. వచ్చే నెలా ఆట ఉంది.

ఒక సాయంత్రంతో బజారు బతికిందని రాయలేను. రాత్రి లాడ్జికి వెళ్తూ చూస్తే సగం షట్టర్లు ఎప్పటిలాగే మూసి ఉన్నాయి. కానీ ఊరు పోగొట్టుకున్నవాళ్లు కలుసుకోవడానికి ఒక జాగ కావాలి. ఆ జాగ ఈ వీధిలో ఉంది. అక్కడికి వాళ్లు మళ్లీ వస్తారు.