పూలమ్మ రుచి చూడని వంట

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒక చికెన్ దుకాణంలో బిచ్చయ్య ఇరవై ఎనిమిదేళ్లుగా కత్తి పడుతున్నాడు. నిలబడీ నిలబడీ కాళ్ల నరాలు ఉబ్బాయి గానీ చెయ్యి మాత్రం తప్పదు. ఇంట్లో ఏనాడూ పొయ్యి ముట్టించి ఎరగడు. అది భార్య పూలమ్మ పని. ఆమెకు ఇంట్లోనూ వంటే, బయటా వంటే. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక ఉండే ప్రభావతమ్మ ఇంట్లో పదిహేనేళ్లుగా వండుతోంది. ఇద్దరు పిల్లల్నీ పెంచి పెళ్లిళ్లు చేసింది ఆ చేతులతోనే.

ఈ వానాకాలం మెట్ల మీద జారిపడి పూలమ్మ కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో పిండికట్టు వేసి, నెలన్నర కదపొద్దన్నారు. వారం రోజులు బిచ్చయ్య హోటల్ నుంచి పార్శిళ్లు తెచ్చాడు. ఆ తర్వాత ఆమె మంచం మీద కూర్చుని చెబుతుంటే అన్నం, పప్పు వండడం నేర్చుకున్నాడు. జడ వెయ్యడమూ నేర్చుకున్నాడు. అది ఎప్పుడూ ఒక పక్కకే పోయేది. పూలమ్మ వెక్కిరించేది కూడా కాదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. గలగలా మాట్లాడే మనిషి అలా అయిపోతే బిచ్చయ్యకు దిగులేసింది.

ఒక సోమవారం బేరాలు లేక మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు.

"పప్పు తిని తిని నోరు చచ్చింది గదా. ఏం తినబుద్ధైతుందో చెప్పు, చేస్త."

"నీతోని కాదు తియ్."

"చెప్పి చూడు."

పూలమ్మ పిండికట్టు అంచు గోకింది. "అమ్మగారింట్ల ఆదివారం చేస్త సూడు... చికెన్ల చీజు, కూరగాయలు కూరి. గది."

"పదిహేనేండ్ల సంది చేస్తున్నవు. ఎన్నడు తినలేదా?"

"ఏడ తిన్న? గది వేడివేడిగ తినాలె. వాళ్లు కూసునేటాళ్లకు నేను ఇంటికి ఉరుకుతుంటి. పిల్లలకు వండొద్దా? తినిపొమ్మని అమ్మ చెప్పేది పాపం. నాకే టైం లేకుండె."

బిచ్చయ్య లేచి చెప్పులేసుకున్నాడు. ప్రతి ఆదివారం ఆ ఇంటి కోసం ఎముకలేని రొమ్ము ముక్కలు ఏరి కట్టిచ్చింది తనే. అవి ఏమవుతాయని ఒక్కనాడూ అడగలేదు.

సాయంత్రానికి రెండు మంచి ముక్కలు తెచ్చాడు. చీజు కోసం అబిడ్స్ దాకా నడిచాడు. దుకాణంవాడు ఏ రకం కావాలని అడిగితే తెల్లమొహం వేసి, పూలమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"పక్క నుంచి కొయ్యాలె, సంచి లెక్క. కత్తి అవతలికి రావొద్దు," అని ఆమె మొదలుపెట్టేలోపే బిచ్చయ్య కత్తి ఒక్కసారి లోపలికి వెళ్లి వచ్చింది. ముక్క నోరు తెరిచిన సంచిలా ఉంది. ఎక్కడా చిరగలేదు. పూలమ్మ మంచం దిగి దగ్గరికొచ్చి చూసింది.

"గింత నున్నగ కోస్తవా! నా చేతుల ఎన్ని చినిగినయో."

అక్కడితో అతని పనితనం అయిపోయింది. క్యారెట్, క్యాప్సికం లావుగా తరిగి తిట్లు తిన్నాడు. మళ్లీ సన్నగా తరిగి, నూనెలో మగ్గించి, చల్లార్చి, తురిమిన చీజు, మిరియాల పొడి కలిపాడు. ఉప్పు ఎంతో ఆమె చెప్పింది. కూరి, టూత్‌పిక్కులు గుచ్చి, పెనం మీద మూతపెట్టి సన్నమంట మీద ఉంచాడు. మొదటిది పగిలి చీజంతా పెనం పాలైంది.

"ఆశపడి ఎక్కువ కూరిన," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"ఏం గాదు. రెండోది తిప్పు, జర మెల్లగ."

రెండోది బంగారు రంగు తిరిగి నిండుగా వచ్చింది. నెలరోజులుగా ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటున్న పూలమ్మకు, బిచ్చయ్య ముక్క తుంచి, ఊది, నోట్లో పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని నమిలింది. చీజు తీగలా సాగి గడ్డానికి అంటుకుంటే అతనే తుడిచాడు.

"ఉప్పు తక్కువైంది," అంది.

"నువ్వు చెప్పినంతనే ఏసిన."

పూలమ్మ మొహం పాలిపోయింది. "ఔ... ఆడ గూడ గంతే ఏస్త. పదిహేనేండ్లు వాళ్లకు చప్పగ పెట్టిన్నా?" వద్దన్నా వినకుండా అప్పటికప్పుడే ప్రభావతమ్మకు ఫోన్ కలిపించింది.

అంతా విని అవతల ప్రభావతమ్మ పకపకా నవ్వింది. "అయ్యో పూలమ్మా! మా సార్‌కు బీపీ ఉన్నదని నువ్వే కావాలని తక్కువ ఏస్తున్నవనుకున్నం. ఇంట్ల తన ఫికర్ చేసేది పూలమ్మ ఒక్కతే అని అందరికీ చెప్పుకుంటడు!"

పూలమ్మకూ నవ్వు ఆగలేదు. పిండికట్టు పొట్టకు అదుముకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! బిచ్చయ్య ఇంకో తునక చేతిలో పట్టుకుని అలాగే చూస్తూండిపోయాడు.

"ఏం జూస్తున్నవ్? పెట్టు. జర ఉప్పు సల్లి పెట్టు," అందామె.

రెండు వారాలకు కట్టు విప్పారు. పూలమ్మ మళ్లీ పనిలో చేరింది. అక్కడ ఉప్పు పాత లెక్కే. సోమవారం సాయంత్రాలు మాత్రం ఇంట్లో బిచ్చయ్యే వండుతున్నాడు. ఈమధ్య చీజులో పచ్చిమిరపకాయ కూడా కలుపుతున్నాడు.