ఆయమ్మ వెనక్కి వేసిన నాలుగడుగులు

నా చిన్నప్పుడు మేము మల్కాజ్‌గిరిలో ఉండేవాళ్ళం. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున పనికి పోతూ నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, సికింద్రాబాద్‌లో చర్చి పక్కనున్న ఒక చిన్న బడి దగ్గర దింపి వెళ్ళేవాడు. నాకప్పుడు ఐదేళ్ళు ఇంకా నిండలేదు. నేను చదివేది కె.జి. క్లాసు.

ఆ క్లాసంటే నాకు ప్రాణం. ప్రార్థన కాగానే చింతగింజలు పోసి లెక్కపెట్టించేవారు. శనివారం శనివారం బంకమట్టి ఇచ్చేవారు. నేను చేసిన పిచ్చుకను మా టీచరమ్మ ఒకసారి కిటికీలో పెట్టి, అది ఎండిపోయి ముక్కు విరిగిపోయేదాకా అక్కడే ఉంచింది. పాటలు రెండుసార్లు వింటే చాలు, నాకు వచ్చేసేవి. చేతికి అందేది, చెవికి వినపడేది ఏదైనా నాకు సులువే. బోర్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను వట్టి మొద్దుని.

ఒడ్డూ పొడుగూ ఎక్కువని నన్ను చివరి వరసలో కూర్చోబెట్టారు. టీచరమ్మ బోర్డు మీద అక్షరం రాసి పైకి చెబుతుంటే అందరూ పలకల మీద దించుకునేవాళ్ళు. నేను నా పక్కన కూర్చున్న పిల్ల పలకలోకి చూసి దించుకునేదాన్ని. టీచరమ్మ గొంతు చెవిలో, పక్కపిల్ల పలక కంటి ముందు. అలా మూడు నెలలు గడిచాయి. ఒకరోజు టీచరమ్మ చూడనే చూసింది. ఆమె కొట్టే మనిషి కాదు. "కాపీ కొట్టకూడదు నాన్నా, తప్పు కదూ" అని మాత్రం అని, నన్ను ఆ మూల ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి నా పలక ఖాళీ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు సరిగ్గా కనిపించడం లేదన్న సంగతి నాకే తెలియదు. బోర్డు అంటే అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను, నల్లటి పలక మీద తెల్లటి పొగ కదిలినట్టు. మిగతా పిల్లలు తెలివైనవాళ్ళు గనక ఆ పొగలోంచి అక్షరం పోల్చుకుంటున్నారని, నాకు తెలివి లేదు గనక చేతకావడం లేదని నమ్మాను. పుట్టినప్పటి నుంచి ఒకేలా కనిపించే పిల్లకు, ఇంకోలా కనిపిస్తుందని ఎవరు చెబుతారు?

క్రిస్మస్ సెలవులకు ముందు పెద్ద టీచరమ్మ క్లాసుకు వచ్చింది. కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు, నవ్వని ముఖం. బోర్డు మీద అక్షరాలు వరస తప్పించి రాసి, ఒక్కొక్కరినీ లేపి అడిగింది. నా వంతు వచ్చేసరికి నోటికొచ్చినదల్లా చెప్పాను. పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మా టీచరమ్మ వైపు తిరిగి, "ఈ పిల్లకి ఇంకా వయసు రాలేదండీ. వచ్చే సోమవారం వాళ్ళ నాన్నగారిని రమ్మనండి. ఈ ఏడాదికి మాన్పించేద్దాం, మళ్ళీ జూన్‌లో చూద్దాం" అంది.

ఆ సాయంత్రం ఆ మాట విని నాన్న చాలాసేపు సైకిలు చైను తుడుచుకుంటూ కూర్చున్నాడు. "సదువు అబ్బకపోతే ఏం జేస్తం, ఇంట్లనే ఉంటది తీయ్" అన్నాడు అమ్మతో. మా ఇళ్ళల్లో ఒకసారి బడి మానేసిన ఆడపిల్ల మళ్ళీ బడికి పోవడమన్నది నేను ఎరగను. మా మేనత్త కూతురు అలా మానేసి, మూడేళ్ళుగా తమ్ముళ్ళను ఎత్తుకుని తిరుగుతోంది. పిల్లలకు ఇలాంటివి తెలియవనుకుంటారు గానీ, నాకు తెలుసు.

ఆ మధ్యలో వచ్చిన శనివారం ఒంటిపూట బడి. క్లాసు గోడలకు కొత్తగా సున్నం వేయించారు. పిల్లలందరూ వెళ్ళిపోయారు, నాన్నకు పనిలో ఆలస్యమై నేనొక్కదాన్నే మిగిలాను. మా ఆయమ్మ నన్ను క్లాసులో కూర్చోబెట్టుకుని, గోడకు కట్టిన తాడు మీద అక్షరాల అట్టముక్కలు తగిలిస్తోంది.

ఆయమ్మ గురించి చెప్పాలి. బక్కపలచటి మనిషి, గట్టి గొంతు. పిల్లల ముక్కులు తుడవడం, అన్నాలు తినిపించడం, మధ్యాహ్నం చాపలేసి పడుకోబెట్టడం, పెద్ద టీచరమ్మ రాసిన నోటీసు పుస్తకం క్లాసు క్లాసుకూ తిప్పడం ఆమె పని. నోటీసులో ఏముందో టీచర్లు చదవకముందే ఆమె చెప్పేసేది. ఆమె బాగా చదువుకుందనే అందరూ అనుకునేవాళ్ళు.

ఆ రోజు సున్నం వేసేవాళ్ళు అట్టముక్కలన్నీ కలగాపులగం చేసి ఒక మూల పడేశారు. ఆయమ్మ ఒకటి తీస్తుంది, అటూ ఇటూ తిప్పుతుంది, తగిలిస్తుంది, మళ్ళీ తీసేస్తుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నాను.

"ఆయమ్మా, గా అట్ట తలకిందులున్నది" అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. తలుపు వైపొకసారి చూసింది. తరువాత వంగి ఆ అట్టను నా చేతిలో పెట్టింది. "ఏదీ, నువ్వు తిప్పు" అంది.

నేను తిప్పి ఇచ్చాను. "ఇది 'ఉ'. నీ ఇంకో చేతిల ఉన్నది 'ఎ'. 'ఉ' ముందుగాల, 'ఎ' ఎన్క."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. అట్టలన్నీ నా ముందు పరిచింది. నేను ఏరి వరసలో పెడుతుంటే నోరు తెరుచుకుని చూసింది. చివరిదాకా పెట్టాక అడిగింది. "మరి మొన్న పెద్ద టీచరమ్మ అడిగితే ఎందుకు చెప్పకపోతివే?"

"అవి బోర్డు మీదివి ఆయమ్మా. బోర్డు మీదివన్నీ పొగ లెక్క ఉంటయి."

ఆయమ్మ ఒక అట్ట తీసుకుని లేచింది. ఒకడుగు వెనక్కి వేసి చూపించింది. చెప్పాను. రెండో అడుగు వేసింది. కళ్ళు చికిలించి చెప్పాను. మూడో అడుగుకు తడబడ్డాను. నాలుగో అడుగు వేసి, "గిదేంది బిడ్డా?" అంది.

"పొగైంది" అన్నాను.

ఆమె పరుగులాంటి నడకతో వచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి నా కళ్ళలోకి చూసింది. "నీకు తెలివి లేకపోవుడేంది బిడ్డా! అందరికన్న నీకే ఎక్కువున్నది. నీ కండ్లకే ఏదో తక్లీఫున్నది" అంది. ఆ మాట నా చెవిలో పడ్డప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ తరువాత ఆమె గొంతు తగ్గించింది. "నేను అట్టలు తలకిందులు పెట్టిన ముచ్చట మాత్రం ఎవ్వరికీ చెప్పకు. నా నౌకరి పోతది." సరేనని తలూపాను. ఇంటికి వెళ్ళి నోరు మెదపలేదు. కళ్ళ సంగతి చెబితే అట్టల సంగతీ చెప్పాల్సి వస్తుందని, ఆ రెండూ కలిపి లోపల దాచేశాను.

సోమవారం నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద టీచరమ్మ గదిలో నాన్న నిలబడే ఉన్నాడు, ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. మా టీచరమ్మ ఒక పక్కన నిలబడి ఉంది. పెద్ద టీచరమ్మ నెమ్మదిగానే చెప్పింది, ఇది పిల్ల తప్పు కాదని, కొందరికి ఆలస్యమవుతుందని. నాన్న అన్నిటికీ "సరే మేడం" అంటున్నాడు. అంతలో నోటీసు పుస్తకం చంకలో పెట్టుకుని ఆయమ్మ లోపలికి వచ్చింది.

"అమ్మా, గీ పిల్లకు కండ్లు కానొస్తలేవు. జెర డాక్టరుకు చూపియ్యమనుండ్రి."

"కళ్ళు బాగానే ఉన్నాయి. గిన్నెలో గింజలు లెక్కపెడుతుంది కదా. దానికి అక్షరాలు రావు. నేనే స్వయంగా అడిగాను."

"వస్తయమ్మా. అన్నీ వస్తయి. దగ్గర పెడితే గడగడ చెప్తది."

"నీకెలా తెలుసు? నువ్వేమైనా పాఠం చెప్పావా?"

  ఆయమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను, మాట తప్పలేదని చెప్పడానికి నాకు అంతకన్నా దారి తెలియలేదు. ఆమె అప్పుడే వెనక్కి వెళ్ళిపోవచ్చు. పుస్తకం బల్ల మీద పెట్టి, "మీ ఇష్టం" అని వెళ్ళిపోతే ఎవ్వరూ ఏమీ అనరు.

"నాకు సదువు రాదమ్మా" అంది. "చేరేటప్పుడు మూడో తరగతి అని అబద్ధమాడిన. నోటీసు రాసేటప్పుడు మీరు పైకి అనుకుంట రాస్తరు కదా, అది విని యాద్ పెట్టుకుంట. మొన్న అట్టలు తలకిందులు పెడితే గీ పిల్లనే సక్కజేసింది. అన్నీ వరసగ పెట్టి ఇచ్చింది. రానిది నాకు, దీనికి కాదు."

నాన్న ఆమె వైపు తిరిగి నిలబడిపోయాడు.  మా టీచరమ్మే కదిలింది. క్లాసులోకి పోయి అట్టలు తెచ్చి, నా ముక్కు దగ్గర పెట్టి అడిగింది. చెప్పాను. ఆయమ్మ లాగే అడుగు అడుగు వెనక్కి వేస్తూ అడిగింది. గోడ దాకా వెళ్ళేసరికి ఆవిడ ముఖమే పొగైపోయింది, కానీ ఆవిడ ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది. "మూడు నెలలు... మూల కూర్చోబెట్టాను నాన్నా నిన్ను" అంది.

పెద్ద టీచరమ్మ ముందు మా నాన్నకు కళ్ళ డాక్టరు ఎక్కడుంటాడో చెప్పి పంపించింది. ఆ తరువాత ఆయమ్మను చూసి, "అబద్ధం చెప్పి చేరావు. అది నాకు నచ్చలేదు" అంది. ఆయమ్మ తల వంచుకుంది. "రేపటి నుంచి పిల్లలు పడుకున్నాక పలక పట్టుకుని కూర్చో. వేసవి సెలవులిచ్చే రోజు నోటీసు నువ్వే చదివి నాకు వినిపించాలి." అంతే, ఆవిడ మళ్ళీ తన కాగితాల్లోకి తల దూర్చింది.

నాకు కళ్ళద్దాలు వచ్చాయి. సీసా అడుగుల్లాంటి అద్దాలు, జారకుండా వెనక తాడు. వాటితో మొదటిరోజు చివరి వరసలో కూర్చుని బోర్డు వైపు చూస్తే, తెల్లగా, నిలకడగా, అంచులతో సహా అక్షరం కనిపించింది. పాఠం వినకుండా గదంతా చూస్తూ కూర్చున్నాను. టీచరమ్మ చీర మీద పూలున్నాయని ఆ రోజే తెలిసింది. ఆవిడ నన్ను అలా చూసుకోనిచ్చింది.

మధ్యాహ్నాలు అందరూ పడుకుంటే నాకు నిద్ర వచ్చేది కాదు. చాప చివర ఆయమ్మ పలకతో కూర్చుంటే నేను పక్కన చేరి ఆమె వేలు పట్టి దిద్దించేదాన్ని. ఆమె వేళ్ళు బండబారి వంగేవి కావు. 'ఋ' ఆమెకు చివరిదాకా లొంగలేదు. "గీ అక్షరం లేకుంటే దునియ ఆగిపోతదా" అని విసుక్కునేది. సెలవులిచ్చే రోజున మా క్లాసు గుమ్మంలో పెద్ద టీచరమ్మ ముందు నిలబడి నాలుగు వాక్యాల నోటీసు చదవడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందంటే, క్లాసులో పిల్లలు సంచులు భుజాన వేసుకుని నిలబడి చూశారు. అయినా ఒక్కరూ కదలలేదు.

ఆమె దయ నన్ను బడిలో నిలబెట్టింది. ఆ తరువాత చదువుకున్నాను, ఆఫీసులో ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. అయితే ఆమె నుంచి నేను నేర్చుకున్నది అక్షరాల కన్నా కష్టమైనది. తనకు తెలిసింది ఇవ్వడం ఎవరైనా చేస్తారు. ఆమె తనకు రాదన్న సంగతిని నా కోసం ఇచ్చింది. అదీ నలుగురి ముందు, నౌకరి పోతుందని తెలిసీ. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను అంత ధైర్యం చేయలేని సందర్భాలూ ఉన్నాయి. తెలిసినట్టు తలూపి, వెనకాల ఎవరినో అడిగి గట్టెక్కిన రోజులున్నాయి. అలా చేసిన ప్రతిసారీ ఆమె ముందు తల దించుకున్నట్టే అనిపించేది.

ఈమధ్య మా మనవరాలిని యాప్రాల్‌లో కె.జి.లో వేశారు. అమ్మానాన్నలకు వీలుకాక మీటింగుకు నన్ను పంపారు. టీచరు చిన్న పిల్ల, చాలా మర్యాదస్తురాలు. పిల్లల పాఠాలు, బొమ్మల పనులు అన్నీ ఫోన్‌లో ఎలా చూడాలో, ఎలా పంపాలో ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోతోంది. గదిలో సగం మంది నాలాంటి ముసలివాళ్ళే. అందరూ తలలూపుతున్నారు. నేనూ ఊపుతున్నాను. కాసేపటికి నా తల నాకే నచ్చలేదు. చెయ్యెత్తి, "అమ్మా, నాకు ఇది రాదు. మొదటి నుంచి తెలుగులో చెప్పవా?" అన్నాను.

 నా వెనక కూర్చున్న పెద్దాయన ఒకరు ఫోను చేతిలో పట్టుకుని, "నాకు సుత రాదు బిడ్డా, జెర మెల్లగ చెప్పు" అన్నాడు. తరువాత ఇంకొకావిడ. ఆ తరువాత గదిలో ఎవరికి వచ్చో, ఎవరికి రాదో లెక్కే లేకుండా కుర్చీలు ముందుకు జరుపుకున్నాం.