ఐదు గంటల షరతు

తాండూరులో ఏ లారీకి ఏ నాపబండలు ఎక్కించాలో తేల్చే కంప్యూటర్ మోడల్ కట్టడం మా సీనియర్ మేడం దగ్గరే నేర్చుకున్నాను. షరతులు ఎక్కువై జవాబు రాకపోతే ఆమె కంగారు పడేది కాదు. బోర్డు మీద రాసిన షరతుల్లో ఒకదాన్ని అరచేత్తో మూసి, "గిది నిజంగ తప్పదా?" అని అడిగేది. తప్పినా పర్వాలేదంటే తీసేయించేది, లేదా తప్పినప్పుడు లెక్కలో జరిమానా పడేలా రాయించేది. "అన్నీ తప్పవంటే ఏదీ కుదరది" అనేది.

ఒక్కదాని మీద మాత్రం చెయ్యి పెట్టేది కాదు: చివరి లోడు ఐదు లోపే అయిపోవాలి.

"ఆఖరి బండి పంపినంకనే నేను పోవాలె. వికారాబాద్ రైలు అందకుంటే ఎట్ల? ఇంట్ల మా ఆయన మంచంల ఉన్నడు."

ఆయన పోయాక, దినాలు అయిన మర్నాడే ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు లారీలు తక్కువ పడి, ఎంతకీ జవాబు రాలేదు. నేను ఐదు గంటలదాన్ని ముట్టుకోకుండా, మిగతా షరతులు ఒక్కొక్కటే మూసి చూస్తున్నాను. మేడం లేచి ఆ ఐదు గంటలదాని మీద అరచెయ్యి పెట్టింది. ఏమీ అడగలేదు.

"తీసెయ్" అంది.

తీసేశాను. జవాబు వెంటనే వచ్చింది. ఐదు దాటినా ఆమె కుర్చీలోంచి లేవలేదు.