ఎడమచేతి వాటం

పీహెచ్‌డీ వచ్చిన సంబరంలో, నా పరిశోధన కాపీ పట్టుకుని గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. అందులో ఉన్నవన్నీ వాళ్లు చెప్పిన మాటలే. గోడౌన్ నిండా ఘాటు, దగ్గులు. నన్ను చూసి యజమాని కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం రాశారో చదవండి మేడం, మేమూ వింటాం," అన్నాడు.

"ఎవరి పేరూ రాయలేదండీ," అని ధీమాగా మొదలుపెట్టాను.

రెండో పేజీలో ఉందా వాక్యం. గడగడా చదివేశాను: "ఎడమచేత్తో తొడిమలు తీసే ఒకామె ఇలా చెప్పింది: చేతులు మండి కడుక్కుందామని లేస్తే, మా యజమాని బూతులు తిడతాడమ్మా."

దగ్గులు ఆగిపోయాయి. తలలన్నీ ఒక్క మూలకే తిరిగాయి. యజమాని తల కూడా.

"నా పేరు మాత్రం రాయొద్దమ్మా," అని ఆమె ఆరోజు నన్ను బతిమాలింది. రాయలేదు. పేరు తీసేసి మనిషిని మాత్రం పట్టిచ్చాను. ఇన్నేళ్ల నా చదువు తగలెయ్య!

ఆమె తలెత్తలేదు. చేతిలోని మిరపకాయను మెల్లగా కుడిచేతిలోకి మార్చుకుంది. అలవాటు లేని వేళ్లతో తొడిమ తుంచబోతే కాయ విరిగి, గింజలన్నీ ఒళ్లో రాలాయి.