అజమత్ చూపించిన బావి

తాండూరు వాడైన అజమత్ చదువంతా ఉర్దూలోనే సాగింది. హైదరాబాదులో భూగర్భశాస్త్ర పరిశోధనకు చేరేనాటికి రాతకోతలన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. అతడు ప్రతి వాక్యాన్నీ మనసులో ఉర్దూలో కూర్చుకుని, భయపడుతూ ఇంగ్లీషులోకి మార్చేవాడు. గైడు అనంతయ్య దిద్ది పంపిన కాగితాలు విప్పడానికే అతనికి ధైర్యం చాలేది కాదు.

నాపరాతి కింద నీళ్లు ఎక్కడ ఉంటాయన్నది అతని పరిశోధన. కొడంగల్ చుట్టుపక్కల బావుల్లోకి దిగి చూశాడు. రాతి పగుళ్లు తూర్పు పడమరలుగా సాగినచోటే నీళ్లు కనబడ్డాయి. థీసిస్ అంతా ఆ మాట మీదే నిలబెట్టాడు.

దౌల్తాబాద్‌లో అతనికి బస ఇచ్చిన భీమప్ప గొర్రెల కాపరి. కాస్త మెట్ట చేను కూడా ఉంది. అందులో బావి ఎక్కడ తవ్వాలో చెప్పమని అడిగితే, అజమత్ పగుళ్లు సాగిన దిశ చూసి ఒకచోటు చూపించి వెళ్లిపోయాడు.

వేసవిలో తిరిగొచ్చేసరికి భీమప్ప, అతని తమ్ముడు ఈరయ్య ఇంకా తవ్వుతూనే ఉన్నారు. అజమత్ మోకు పట్టుకుని దిగి రాయి తడిమాడు. ఎక్కడా చెమ్మ లేదు.

"ఇంకెంత లోతుల ఉంటయి సారూ?" అని పైనుంచి భీమప్ప అడిగాడు.

తెలియదనడానికి నోరు రాలేదు. ఇంకొంత చూడమన్నాడు. మర్నాడు రాయి పగలగొట్టడానికి తూటా పేల్చాక వదులైన బండ జారి ఈరయ్య కాలు విరిగింది. తవ్వకం ఆగిపోయింది.

ఈ సంగతి విని అనంతయ్య, "ఆ ఒక్క బావి వదిలెయ్. మిగతావన్నీ నీ మాటకు సరిపోయినయి గదా," అన్నాడు. గడువు దగ్గరపడింది. ఆ బావిని చేరిస్తే ఇన్నేళ్ల పని కూలుతుంది. చేర్చకపోతే తన రాతను నమ్మి ఇంకెవరో ఇంకెక్కడో తవ్వుతారు. ఈ రెండో భయమే అజమత్‌కు తిండి సహించనివ్వలేదు. గడువు పొడిగించమని గైడును బతిమాలుకుని మళ్లీ దౌల్తాబాద్ వెళ్లాడు.

"తప్పు నాదే అన్నా. ఖాయంగ తెల్వకుండనే చెప్పిన," అన్నాడు.

"గా మాట గప్పుడే చెప్తే మా ఈరయ్య దిగకపోతుండె," అన్నాడు భీమప్ప. అయినా మోకు తెచ్చి ఇచ్చాడు.

అజమత్ దిగి చూస్తే, నీళ్లకు దారి లేకుండా పగుళ్ల నిండా బంకమట్టి గట్టిపడి ఉంది. అవి సాగిన దిశ ఒక్కటే చూస్తే చాలదని థీసిస్‌లో ఆ అధ్యాయం మొదటినుంచీ తిరగరాశాడు.

వైవాలో పరీక్షకుడు ఆ బావి గురించే గుచ్చి గుచ్చి అడిగాడు. అజమత్‌కు వచ్చిన ఇంగ్లీషు కూడా ఎటో పోయింది. ఎట్టకేలకు, ఆ చోటు చూపించింది తానేననీ, అక్కడ ఒక మనిషి కాలు విరిగిందనీ చెప్పగలిగాడు. పరీక్షకుడు తల దించుకుని ఏదో రాసుకున్నాడు. ఇక ఏమీ అడగలేదు.

పంతొమ్మిది వందల అరవై రెండులో అజమత్‌కు పట్టా వచ్చింది. ఈరయ్య కాలు వంకరగానే అతుక్కుంది. ఆ తర్వాత ఎవరు బావి చోటు అడిగినా అజమత్ వెంటనే చూపించేవాడు కాదు. చూపించాక కూడా నీళ్లు ఉండకపోవచ్చని ముందే చెప్పేవాడు. నీళ్లు పడేదాకా గట్టు మీదే కూర్చునేవాడు, లోపలికి దిగినవాళ్ల మీదనుంచి చూపు తిప్పకుండా.