నేను ఆగినంతసేపూ నిలబడ్డవాళ్ళు

ఎమ్మిగనూరు సంఘంలోని సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. ఈ కాగితం రాసింది నేను, చదువుతున్నది నా భార్య సుగుణమ్మ. ఆదోనిలో చాలా ఏళ్ళు దినపత్రికకు వార్తలు రాసి బతికినవాణ్ణి. పక్షవాతంతో పడిపోయిన కుడి చెయ్యి మెల్లగా కోలుకుంది గాని నాలుక ఇంకా తిరగదు. చివర్లో ఒక చిన్న పని మాత్రం నేనే చేస్తాను, అంతవరకు ఓపిక పట్టండి.

ఒక ఉదయం పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలించబోతే నీళ్ళన్నీ చొక్కా మీద కారిపోయాయి, మూతి ఒక పక్కకు లాగింది, సుగుణమ్మను పిలవబోతే మాట మనసులో ఉంది గాని నోట్లోకి రాలేదు. కర్నూలు ఆసుపత్రిలో పడివున్న రోజుల్లో మీరంతా ఫోన్ గ్రూపులో నా కోసం ప్రార్థనలు పెట్టారు, ఆదివారం ఆరాధన లైవులో వస్తుంటే సుగుణమ్మ ఫోను నా దిండు పక్కన ఆనించి పెట్టేది, ఆ పాటలు వింటూ నేను ఇంకా బతికే ఉన్నానని నమ్మాను. కాబట్టి ఫోను చెడ్డదని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు. రోజూ గట్టిగా మాట్లాడాలి, మానేస్తే వచ్చిన మాట కూడా పోతుంది అన్నాడు.

ఆ తర్వాత ఇదే మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. సుగుణమ్మ పుట్టి పెరిగిన సంఘం ఇది. పాస్టరుగారు నన్ను ప్రార్థన చేయమన్నారు. "దేవా, చావు నుంచి లేపావు, మా తప్పులు క్షమించు" అని చెప్పాలని నిలబడ్డాను. "క్ష" దగ్గర నాలుక ఇరుక్కుపోయింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ ఇరుక్కుంది. చాలాసేపటికి ఎలాగో ఆమేన్ అన్నాను. అయినా ఆ రోజు సంతోషంగానే ఆదోని బస్సెక్కాను.

ప్రార్థనలో మనం కళ్ళు మూసుకుంటాం. దేవుని ముందు నిలబడిన మనిషిని ఎవరూ తేరిపార చూడకపోవడం మన మర్యాద. ఆ రోజు ఎవరివో కళ్ళు తెరిచి ఉన్నాయి, చేతిలో ఫోను కూడా ఉంది.

అలా తీసిన వీడియో ముక్కకు, స్టార్ట్ కాని మోటారు సైకిలు చప్పుడు, జనం విరగబడి నవ్వే చప్పుడు ఎవరో జత చేశారు. నాకు తెలిసేలోపే అది ఆదోని అంతా తిరిగింది. పత్తి మార్కెట్టు దగ్గర టీ అంగడిలో, నాకు బాగా తెలిసిన ఒకాయన గ్లాసు ఎత్తి, "ఏం సార్, ఎంత కిక్కు కొట్టినా బండి అందుకోలేదంట గదా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. "ఊరికే నవ్వులాటకు అన్నా సార్, మనసులో పెట్టుకోవద్దు" అని నా టీకి కూడా ఆయనే డబ్బులిచ్చాడు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోనుకు నమస్కారం బొమ్మ పంపినవాళ్ళలో ఆయన ఒకడు.

మా కాలపు విలేకరులు గొప్పవాళ్ళని అనను. కాని చావు జరిగిన ఇంటికి వెళితే చెప్పులు బయట విడిచి, ఫోటో తీయవచ్చునా అని అడిగేవాళ్ళం, వద్దంటే తిరిగి వచ్చేవాళ్ళం. నన్ను ఎవరూ అడగలేదు.

ఆ నవ్వు మీదే అనుకున్నాను సహోదరులారా. నేను కళ్ళు మూసుకుని, ఆ ఒక్క మాటతో పెనుగులాడుతూ చుట్టూ ఏదీ వినలేదు కదా, ఆ నవ్వు ఈ మందిరంలోనే పుట్టిందని నమ్మాను. ఇటువైపు రావడం మానేశాను, తర్వాత మాట్లాడడమే మానేశాను. సుగుణమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని, "నీళ్ళు అను. ఒక్క మాట అను, ఇస్తా" అని నిలబడేది. నేను గోడ వైపు తిరిగేవాణ్ణి, ఆమె గ్లాసు పక్కన పెట్టి వెళ్ళేది. నా ప్రార్థన మనసులోనే జరిగేది, అది కూడా మంచి ప్రార్థన కాదు. "ప్రభువా, ఈ నోరు ఇచ్చినవాడివి నువ్వే, మూసెయ్యి" అనేవాణ్ణి.

ఒకనాడు పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్నాయి, ఆమె పెరట్లో ఉంది. పేరు పెట్టి పిలవబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో సులువుగా పలికిన పేరే అది. మూయమని అడిగిన నోరు నిజంగానే మూతపడుతోందని ఆ రోజు తెలిసింది. భయంతో కూర్చుండిపోయాను.

మా వీధిలో పరుపులు కుట్టే ఖాజా ఉన్నాడు. ఆ నెలల్లో సాయంత్రాలు వచ్చి, వాకిట్లో దగ్గి, చెప్పులు విడిచి, "రావచ్చునా అన్నా?" అని అడిగేవాడు. "ఆయన మాట్లాడడం లేదు ఖాజా" అని సుగుణమ్మ అంటే, "మాట్లాడకున్నా ఏం లేదులేమ్మా, ఊరికే కూసుంటా" అనేవాడు. ఒక సాయంత్రం జేబులోంచి ఫోను తీశాడు.

"అన్నా, మన వీధికి కొళాయి కావాలని ఎన్నేండ్లు రాసినావో, సుక్క నీళ్ళు రాలే. ఈ వీడియో మాత్రం బళ్ళారి దాకా పోయింది సూడు." నేను ముఖం తిప్పుకున్నాను. "సౌండు తీసేసినా. ఒక్కతూరి సూడు, సూసినాక నన్ను తిట్టు. తిట్టాలంటే నోరు తెరవాల గదా, అదే నాకు కావాల."

అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు, ఎవరెవరి ఫోన్లలోనో మోగుతుంటే ఆ నవ్వు విన్నానంతే. చప్పుడు లేకుండా చూస్తే అందులో నా వెనక మీరున్నారు. పెద్దాయన యేసేపుగారు మోకాళ్ళ నొప్పితో బల్ల పట్టుకుని వణుకుతూ కూడా కూర్చోలేదు. ఒక తల్లి చంటిబిడ్డను భుజాన వేసుకుని అరచేత్తో మెల్లగా తడుతోంది, కళ్ళు తెరవలేదు. నా పక్కనే సుగుణమ్మ, ముసుగులో ఆమె పెదవులు కదులుతున్నాయి, నాకు రాని మాటను నా బదులు తాను అంటోంది. నేను ఆగినంతసేపూ ఒక్కరూ కదలలేదు.

"నవ్వు యాడుందన్నా ఇందులో?" అన్నాడు ఖాజా. "ఎవరో తెచ్చి అతికించినారు. మీవాళ్ళు ఎవరూ నవ్వలే."

నేను ఏడ్చాను. తర్వాత ప్రార్థనకు నోరు తెరిచాను. ఖాజా కూడా తల వంచాడు. "తండ్రీ, వాళ్ళను క్ష" అని ఆగిపోయాను. అతని జేబులో ఫోను మోగింది, మోగి మోగి ఆగింది, అతను చెయ్యి కూడా కదపలేదు. చాలాసేపటికి ఆ మాట విరిగిపోయి బయటికి వచ్చింది. సుగుణమ్మ నీళ్ళు తెచ్చింది, ఏమీ అడగకుండా ఇచ్చింది. దేవునికే మహిమ.

అంతా బాగైందని అబద్ధం చెప్పను. మౌనంగా గడిపిన నెలల్లో బిగుసుకున్న మాటలు కొన్ని ఇంకా వదలలేదు, నా భార్య పేరు సగమే వస్తుంది. ఆ వీడియో ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. అది ఏ మూల నుంచి తీశారో, అక్కడ ఎవరు నిలబడతారో పాత విలేకరి అలవాటు కొద్దీ నాకు తెలిసిపోయింది. నేను ఎవరినీ అడగలేదు, అడగను.

నలుగురిలో నవ్వులపాలై తలుపు వేసుకున్నవాళ్ళు మీలో ఉంటే, ఆ నవ్వును నమ్మవద్దు. నా కోసం ఇంతమందిని నిలబెట్టిన దేవుడు మీ కోసమూ ఎవరినో నిలబెట్టే ఉంటాడు. ఆయనను నమ్మండి.

ఇప్పుడు సుగుణమ్మ కాగితం మడుస్తుంది, నేను ప్రార్థన చేస్తాను. దయచేసి లేచి కళ్ళు మూసుకోండి. తెరిచే ఉంచాలనుకున్నవాళ్ళు నన్నొక్కణ్ణే కాదు, చుట్టూ ఉన్నవాళ్ళను కూడా చూడండి. క్షమించు అనే మాట దగ్గర నేను ఆగిపోతాను. ఆ మాట ఎవరూ అందించవద్దు. ఆమేన్ నేనే అంటాను, అంతవరకు నిలబడండి.